కారు కొన్నాక ఏడాదికి ఎంత ఖర్చవుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోదావరి డెల్టా ఊళ్ల నుంచి వచ్చినవే. ఏ కారు కొనాలన్నదానికంటే, కొన్నాక దాన్ని భరించగలమా అన్న సందేహమే వాటిలో ఎక్కువగా కనిపించింది. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆ ప్రశ్నలకే కేటాయించాం. లెక్కల్లో వేసిన ధరలు ఉదాహరణకు తీసుకున్నవి మాత్రమే. మీ ఊళ్లో ఉన్న ధరలు వేసుకుని మరోసారి లెక్క కట్టుకోండి.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉపాధ్యాయురాలిని. మావారు భీమవరంలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నారు. ఆన్‌రోడ్ ధర 8.5 లక్షల రూపాయలున్న పెట్రోలు కారు కొందామనుకుంటున్నాం. చేతిలో 2.5 లక్షలు ఉన్నాయి. మిగతా 6 లక్షలు 9.5 శాతం వడ్డీకి, ఐదేళ్ల వాయిదాలపై బ్యాంకు ఇస్తానంటోంది. నెల వాయిదా 12,600, పెట్రోలుకు ఐదారు వేలు, వెరసి 18 వేలలో సరిపోతుందని మావారు అంటున్నారు. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు తిరుగుతామని మా అంచనా. ఈ లెక్క సరైనదేనా?
— ఒక ఉపాధ్యాయురాలు, పాలకొల్లు

జవాబు: మీవారు వేసిన రెండు అంకెలూ సరైనవే. కాకపోతే అవి నెలనెలా కంటికి కనిపించే ఖర్చులు మాత్రమే. కారు విషయంలో పెద్ద ఖర్చు కంటికి కనిపించదు. అది కారు విలువ తరిగిపోవడం. మీరు 8.5 లక్షలు పెట్టి కొన్న కారును ఐదేళ్ల తర్వాత అమ్మితే 4 లక్షలు వచ్చిందనుకుందాం. మధ్యలో పోయిన 4.5 లక్షలను ఐదేళ్లకు పంచితే ఏడాదికి 90 వేలు. ఈ మొత్తానికి ఎవరూ రసీదు ఇవ్వరు, ఏ తేదీనా మీ ఖాతాలో నుంచి కోత పడదు, అందుకే ఇంటి లెక్కల్లో ఇది ఎప్పుడూ మరుగున పడిపోతుంది. ఆన్‌రోడ్ ధరలో కలిసి ఉండే జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్, తొలి బీమా వంటివి కారు అమ్మేటప్పుడు కొన్నవారు మీకు తిరిగి కట్టివ్వరు కాబట్టి, షోరూం నుంచి బయటికి వచ్చిన రోజే కొంత విలువ పోయినట్టే. బీమా కంపెనీలు అనుసరించే పట్టికను చూసినా ఈ తరుగుదల వేగం అర్థమవుతుంది. ఆరు నెలలు దాటి ఏడాదిలోపు ఉన్న కారుకు 15 శాతం, రెండో ఏట 20, మూడో ఏట 30, నాలుగో ఏట 40, ఐదో ఏట 50 శాతం తగ్గించి వారు విలువ కడతారు.

ఇక వడ్డీ. మీరు చెప్పిన షరతుల ప్రకారం ఐదేళ్లలో బ్యాంకుకు చెల్లించేది సుమారు 7 లక్షల 56 వేలు, అంటే వడ్డీయే 1 లక్షా 56 వేలు. సగటున ఏడాదికి 31 వేలు అనుకోవచ్చు గానీ, మొదటి ఏడాదిలోనే దాదాపు 53 వేలు వడ్డీ కింద పోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వాయిదా మొత్తాన్ని ఖర్చుగా రాసుకుని, మళ్లీ తరుగుదలను కూడా రాసుకుంటే అసలును రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. కాబట్టి ఖర్చుల పద్దులో వడ్డీనీ తరుగుదలనూ వేయండి, వాయిదాను మాత్రం నెలవారీ చెల్లింపుల పద్దులో విడిగా చూసుకోండి. చేతిలో ఉన్న 2.5 లక్షలకూ ఒక ధర ఉంది. 7 శాతం వడ్డీ వచ్చే డిపాజిట్‌లో ఉంచితే ఏటా 17,500 వచ్చేవి, కారులో పెడితే రావు.

బీమాకు ఐదేళ్ల సగటున ఏడాదికి 10 వేలు వేసుకోండి. ఇంత తక్కువ ఎందుకంటే, తొలి ఏడాది సొంత నష్టం (మన కారుకు జరిగే నష్టం) ప్రీమియమూ మూడేళ్ల థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టం) ప్రీమియమూ ఆన్‌రోడ్ ధరలోనే కలిసి ఉంటాయి. కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలన్న నిబంధన సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉంది. సర్వీసుకు ఏడాదికి 8 వేలు, నాలుగు టైర్లూ బ్యాటరీ ఐదేళ్లలో ఒకసారి మార్చడానికి సుమారు 27,500 అనుకుంటే ఏడాదికి మరో 5,500. పెట్రోలు లీటరు 110 రూపాయలు, లీటరుకు 16 కిలోమీటర్ల మైలేజీ చొప్పున 68,750. టోల్, పార్కింగ్, పొల్యూషన్ సర్టిఫికెట్, కడిగించడం వంటి చిల్లర ఖర్చులకు 8 వేలు. అన్నీ కలిపితే ఏడాదికి 2 లక్షల 39 వేలు, అంటే నెలకు దాదాపు 20 వేలు, కిలోమీటరుకు 24 రూపాయలు.

ఈ మొత్తంలో పెట్రోలు వాటా మూడో వంతుకు కూడా రాలేదన్నది గమనించండి. తరుగుదల, వడ్డీ, డిపాజిట్ మీద పోయిన రాబడి, బీమా, ఈ నాలుగే 1 లక్షా 49 వేలు. చక్రం ఒక్కసారి తిరగకపోయినా ఇవి పడతాయి. అందువల్ల కారును పొదుపుగా వాడితే ఖర్చు బాగా తగ్గుతుందన్న నమ్మకం సగమే నిజం. మీ వాడకం ఏడాదికి 4 వేల కిలోమీటర్లకు తగ్గిపోతే మొత్తం ఖర్చు 1 లక్షా 90 వేల దాకా దిగుతుంది గానీ, కిలోమీటరు ఖర్చు మాత్రం 48 రూపాయలకు చేరుతుంది. మీవారు ఉద్యోగానికి రైల్లోనో బస్సులోనో వెళ్లి వస్తూ, కారును పండగలకూ పెళ్లిళ్లకూ ఆసుపత్రి పనులకూ మాత్రమే తీస్తే జరిగేది ఇదే. అలాంటప్పుడు కిరాయి కారు కిలోమీటరుకు 16 రూపాయలు అడిగినా, డ్రైవరు బత్తా, తిరుగు ప్రయాణం ఛార్జీ కలుపుకున్నా మీకు లక్షకు పైగా మిగులుతుంది. అర్ధరాత్రి పిల్లలకు జ్వరం వస్తే గుమ్మం ముందు బండి ఉండటానికి ఒక విలువ ఉంది, దాన్ని మేము కాదనడం లేదు. ఆ విలువ మీ ఇంటికి ఏడాదికి లక్ష రూపాయలు చేస్తుందా అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

కొనాలనే నిశ్చయించుకుంటే మా సలహా ఒకటే. ఐదేళ్లకు కాకుండా పదేళ్లకు కొనండి. పదేళ్లు ఉంచుకుని లక్షన్నరకు అమ్మినా తరుగుదల ఏడాదికి 70 వేలకు తగ్గుతుంది, వడ్డీ సగటు 16 వేల లోపుకు వస్తుంది. మరమ్మతులు పెరిగినా ఆ పెరుగుదల ఈ ఆదాను మింగేయదు. వాయిదా తీరిపోయిన మర్నాడే కొత్త మోడల్ వైపు చూసే అలవాటే మధ్యతరగతి ఇళ్లలో కారును నిజంగా ఖరీదైన వస్తువుగా మారుస్తోందని మా గట్టి నమ్మకం. మరో మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కొత్త కారు ధర దిగినప్పుడు పాత కారు బేరమూ ఆ మేరకు దిగక తప్పదు కాబట్టి, మూడు నాలుగేళ్ల పాత కార్లను కూడా ఒకసారి చూడండి. మొదటి మూడేళ్ల తరుగుదలను అప్పటికే మరొకరు భరించి ఉంటారు.

పదేళ్లు మన్నాలంటే మన ప్రాంతంలో తుప్పును ఆపాలి. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి ఒక కారణమైతే, రొయ్యల చెరువుల గట్లూ, చేపల లారీల నుంచి దారి పొడవునా కారే నీరూ మరో కారణం. పైన ఎంత తళతళలాడినా, కారును లిఫ్టు మీదికి ఎక్కించి అడుగు భాగం చూస్తే బోల్టుల చుట్టూ, సైలెన్సర్ గొట్టం అతుకుల దగ్గర ఎర్రటి పొర కనిపిస్తుంది. నెలకోసారి మంచినీటితో అడుగు భాగం కడిగించడం, వానాకాలానికి ముందు తుప్పు నిరోధక పూత వేయించడం ఇక్కడ విలాసం కాదు. సర్వీసు, బీమా, టైర్ల కోసం నెలకు 2 వేల రూపాయలు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకుంటే ఆ ఖర్చులు వచ్చిన నెలలో అప్పు చేయనక్కర్లేదు.

ప్రశ్న: మొన్న వాయుగుండం వానలకు యనమదుర్రు డ్రెయిన్ పొంగి మా వీధిలో మోకాలి లోతు నీరు నిలిచింది. గేటు లోపల నిలిపి ఉన్న కారు చక్రాలు దాదాపు మునిగాయి. నీరు తీశాక సెల్ఫ్ కొట్టాను. ఒకసారి పెద్ద చప్పుడు చేసి ఇంజన్ ఆగిపోయింది. మరమ్మతుకు 90 వేలు అవుతుందన్నారు. పూర్తి బీమా ఉన్నా, సీట్లు, వైరింగ్ శుభ్రం చేసిన ఖర్చు మాత్రమే ఇస్తామనీ, ఇంజన్‌కు ఇవ్వలేమనీ బీమా కంపెనీ అంటోంది. ఏటా ప్రీమియం కట్టిన నాకు ఇదేం న్యాయం?
— ఒక వ్యాపారి, భీమవరం

జవాబు: మీ బాధ అర్థం చేసుకోగలం. మన డెల్టాలో వరద ఎప్పుడో వచ్చే వింత కాదు. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు తుపానును చూసినవారు ఇంకా మన మధ్యే ఉన్నారు. 2022 జులైలో లంక గ్రామాలు మునిగిన తీరు అందరికీ గుర్తే. ఇలాంటి చోట కారు బీమా తీసుకునేవారికి ఈ ఒక్క విషయాన్ని ఏజెంటు ముందే విడమరిచి చెప్పి ఉండాల్సింది.

జరిగింది ఇది. ఇంజన్ గాలిని ఎయిర్ ఫిల్టర్ ద్వారా పీల్చుకుంటుంది. అక్కడికి నీరు చేరి ఉండగా సెల్ఫ్ కొడితే ఆ నీరు సిలిండర్‌లోకి వెళుతుంది. గాలిని పిస్టన్ నొక్కగలదు గానీ నీటిని నొక్కలేదు. ఆ ఒత్తిడికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి విరిగి ఇంజన్ గోడనే పగలగొడుతుంది. మీరు విన్న చప్పుడు బహుశా అదే. మామూలు సమగ్ర పాలసీలో వరద, తుపాను, నీట మునక వల్ల కలిగిన నష్టానికి రక్షణ ఉంటుంది. కానీ మునిగాక స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్‌కు జరిగిన నష్టాన్ని కంపెనీలు వరద నష్టంగా కాకుండా, ఆ తర్వాతి చర్య వల్ల వచ్చిన పర్యవసాన నష్టంగా చూపి తిరస్కరిస్తాయి. దీనికి ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్, అంటే అదనపు ప్రీమియం కట్టి తీసుకునే రక్షణ, విడిగా ఉంటుంది.

ముందుగా మీ పాలసీ షెడ్యూల్ తీసి యాడ్-ఆన్‌ల వరుస చూడండి. షోరూంలో తీసుకున్న పాలసీల్లో యజమానికి తెలియకుండానే ఇది కలిసి ఉండటం కద్దు. లేకపోతే, ఏ నిబంధన కింద ఇంజన్ క్లెయిమ్‌ను కాదంటున్నారో లిఖితపూర్వకంగా ఇవ్వమనీ, నష్టాన్ని అంచనా వేసిన సర్వేయర్ నివేదిక నకలు కావాలనీ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఏడాదిలోపు బీమా వివాదాలను పరిష్కరించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కూ, తెలంగాణకూ, యానాంకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. యాడ్-ఆన్ లేకుండా ఇంజన్ ఖర్చు పూర్తిగా రాబట్టడం కష్టమే అయినా, స్టార్ట్ చేయకముందే నీటి వల్ల పాడైన భాగాలు ఏవో మెకానిక్ చేత రాయించి ఇస్తే, కనీసం ఆ మేరకైనా మీ వాదనకు బలం ఉంటుంది. సర్వేయర్‌కు మాత్రం జరిగింది జరిగినట్టే చెప్పండి. వంగిన రాడ్ చూసిన వారికి ఎలా వంగిందో తెలుసు.

ఇతర పాఠకులు గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, మునిగిన కారును సెల్ఫ్ కొట్టకూడదు, తాళం చెవి తిప్పి దీపాలు వెలుగుతున్నాయేమో కూడా చూడకూడదు. నీటి మట్టం కారు తలుపు మీద ఎక్కడిదాకా వచ్చిందో తెలిసేలా ఫొటోలు తీసి, బీమా కంపెనీకి సమాచారం ఇచ్చి, కారును షెడ్డుకు లాగించాలి. మన ప్రాంతంలో పాలసీ తీసుకునేవారు డబ్బు చాలకపోతే మిగతా యాడ్-ఆన్‌లు వదులుకోవచ్చు గానీ ఇంజన్ ప్రొటెక్షన్‌ను వదులుకోరాదు. దానికి పడే అదనపు ప్రీమియం ఇంజన్ విప్పి కట్టే ఖర్చు ముందు ఏ మూలకూ రాదు.

వరద వెళ్లిన ఏడాది పాత కార్ల బజారులో అగ్గువకు బేరాలు తగులుతాయి. అప్పుడు సీటు బెల్టును చివరి అంగుళం దాకా బయటికి లాగి చూడండి. సీట్లు మార్చినవారు, లోపలంతా సెంటు కొట్టినవారు సైతం బెల్టు చుట్ట లోపలి భాగాన్ని మర్చిపోతారు. నీరు ఎక్కిన కారైతే అక్కడ బురద గీత స్పష్టంగా కనిపిస్తుంది. డిక్కీలో స్టెప్నీ కింద గుంటను వేలితో తడిమితే ఒండ్రు చేతికి అంటుతుంది.

ప్రశ్న: యానాంలో పెట్రోలు మనకంటే చవక కాబట్టి పదిహేను రోజులకోసారి అక్కడికి వెళ్లి ట్యాంకు నింపించుకుంటున్నాను. కారు రిజిస్ట్రేషన్ కూడా అక్కడే చేయిస్తే పన్ను బాగా మిగులుతుందని మిత్రులు అంటున్నారు. మంచిదేనా?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోది కావడంతో అక్కడ ఇంధనంపై వ్యాట్ తక్కువ, ధర తేడాకు కారణం అదే. కానీ కేవలం పెట్రోలు కోసమే వెళితే లాభం ఉండదు. లీటరుకు 12 రూపాయలు తేడా ఉందనుకుంటే 30 లీటర్లకు మిగిలేది 360. రానూపోనూ 60 కిలోమీటర్లకు దాదాపు నాలుగు లీటర్లు కాలుతుంది, అంటే 400 రూపాయల పైమాటే. టైర్ల అరుగుదల, మీ సమయం దీనికి అదనం. కాకినాడ పని మీద 216వ జాతీయ రహదారిలో ఎదుర్లంక వంతెన దాటి వెళ్లేటప్పుడు నింపించుకుంటే మాత్రం ఆ మిగులు నిజమైనదే. డబ్బాల్లో పట్టించుకుని డిక్కీలో తేవడం ప్రాణాలతో చెలగాటం కాబట్టి ఆ ఆలోచన ఉంటే మానుకోండి.

రిజిస్ట్రేషన్ సంగతి వేరు. పివై-04 (యానాం) నంబరుతో ఉన్న కారును మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ రాష్ట్రంలో మళ్లీ రిజిస్టర్ చేయించాలి, ఇక్కడి జీవితకాల పన్నూ కట్టాలి. అక్కడ నివాసం లేకుండా చిరునామా చూపడం ఇంకో తప్పు. మిగులుతుందనుకున్న పన్ను చివరికి జరిమానాతో కలిపి కట్టాల్సి వస్తుంది.

మీరు నిజంగా ఇంధనం ఖర్చు తగ్గించుకోవాలంటే సీఎన్‌జీ కారును పరిశీలించండి. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు మన కాళ్ల కిందే ఉంది. ఉభయ గోదావరి జిల్లాల్లో గోదావరి గ్యాస్ సంస్థ బంకులకు సరఫరా చేస్తోంది. మీరు తిరిగే దారిలో బంకు ఎక్కడుంది, అక్కడ ఎంతసేపు వరుసలో నిలబడాలి అన్నవి చూసుకున్నాకే నిర్ణయించండి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష) తప్పనిసరి, డిక్కీలో చోటు తగ్గుతుంది. కారు ధరలో సీఎన్‌జీకి పెట్టే అదనపు మొత్తం తిరిగి రావాలంటే ఏడాదికి పది పన్నెండు వేల కిలోమీటర్లయినా తిరగాలి. అంతకంటే తక్కువైతే పెట్రోలు కారే మేలు.

ప్రశ్న: కరెంటు కారు కొంటే ఇంధనం ఖర్చు ఉండనట్టేనని షోరూంలో చెబుతున్నారు. నిజమేనా?
— ఒక రైతు, తణుకు

జవాబు: బాగా తగ్గుతుంది, ఉండకపోవడమంటూ లేదు. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వస్తే 10 వేల కిలోమీటర్లకు 1,400 యూనిట్లకు పైగా కావాలి. ఇంటి మీటర్‌పైనే ఛార్జింగ్ పెడితే ఆ యూనిట్లు మీ ఇంటి వాడకంపైన కలుస్తాయి కాబట్టి, అవి పై శ్లాబు ధరలో పడతాయన్నది మరవకండి. యూనిట్ 10 రూపాయల చొప్పున వేసుకున్నా ఏడాదికి 14 వేల పైచిలుకు, పెట్రోలుతో పోలిస్తే ఐదో వంతు. అయితే కొనేటప్పుడు ధర ఎక్కువ, ఆ మేరకు వడ్డీ, బీమా, తరుగుదల కూడా ఎక్కువ. పైన పాలకొల్లు పాఠకురాలికి వేసిన లెక్కలోనే మీ అంకెలు వేసి చూడండి. రోజూ యాభై అరవై కిలోమీటర్లు తిరిగేవారికి ఇది బాగా కలిసివస్తుంది, పొలానికీ బజారుకూ తిరిగే వాడకానికి కాదు. వరద నీరు చేరే వీధిలో ఇల్లుంటే ఛార్జర్‌ను గోడపై ఎత్తుగా బిగించమని చెప్పండి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి మా సౌకర్యం కోసం నాలుగేళ్ల క్రితం కారు కొనిచ్చాడు. నా పేరు మీదే ఉంది. ఏడాదికి 1,500 కిలోమీటర్లు కూడా తిరగదు. డ్రైవరును రోజుకూలికి పిలుస్తాం. కొబ్బరి చెట్ల కింద నిలిపి ఉంటోంది. అమ్మేద్దామంటే అబ్బాయి నొచ్చుకుంటాడేమోనని సందేహం.
— ఒక విశ్రాంత ఉద్యోగి, రావులపాలెం

జవాబు: ముందుగా కారును ఆ చెట్ల కింద నుంచి తీయించండి. కాయ పడి బానెట్ సొట్టపోవడం, అద్దం పగలడం కోనసీమలో కొత్త కాదు. ఆ నష్టానికి బీమా వర్తించినా, చిన్న సొట్టకు క్లెయిమ్ చేస్తే మీకు ఇప్పటిదాకా పోగుపడిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఏ క్లెయిమూ లేకుండా వరుసగా నాలుగేళ్లు గడిస్తే సొంత నష్టం ప్రీమియంలో 45 శాతం, ఐదేళ్లకు 50 శాతం తగ్గింపు వస్తుంది. మరమ్మతు ఖర్చు ఆ తగ్గింపు కంటే తక్కువైతే చేతి డబ్బుతో చేయించుకోవడమే లాభం.

నిలిపి ఉంచిన కారుకు ఖర్చు ఉండదని చాలామంది అనుకుంటారు. బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకే వైపు బరువు మోసి గట్టిపడతాయి, కోతల కాలం అయ్యాక పొలాల్లోని ఎలుకలు ఇళ్ల వైపు వచ్చి వైర్లు కొరుకుతాయి. వారానికోసారి అరగంట సేపు కారును తీసుకెళ్లి రావాలి, ఉన్నచోటే ఇంజన్ ఆన్ చేసి ఉంచితే సరిపోదు. సర్వీసు కిలోమీటర్లను బట్టి కాకుండా ఏడాదికోసారి చేయించాలి, ఆయిల్ నిలువలో ఉన్నా పాడవుతుంది. తిరిగిన దూరాన్ని బట్టి ప్రీమియం ఉండే పాలసీలకు బీమా నియంత్రణ సంస్థ 2022 జులైలో అనుమతి ఇచ్చింది. వచ్చే రెన్యువల్‌లో దాని గురించి అడగండి, మీ వాడకానికి అది తగినది.

అయినా మా అభిప్రాయం అమ్మేయమనే. మీ 1,500 కిలోమీటర్లకు కిరాయి కారు పిలిస్తే, బత్తాలతో కలిపి, ఈ కారు మీద ఏటా తరిగిపోయే విలువలో సగం కూడా కాదు. పైగా డ్రైవరును వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఏడాది లెక్క కాగితం మీద రాసి మీ అబ్బాయికి పంపండి. మీ ప్రయాణాలు సుఖంగా సాగాలనే కదా కారు కొనిచ్చింది, ఆ డబ్బు మీ పేర డిపాజిట్‌లో ఉండి కిరాయి కార్లకు ఉపయోగపడితే నొచ్చుకోవడానికి ఏముంది? అమ్మేటప్పుడు బీమా కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ ధ్రువపత్రం తీసుకోండి. ఆ బోనస్ కారుది కాదు, మీది. మూడేళ్లలోపు మరో కారు కొంటే దానికి వాడుకోవచ్చు. ఆర్‌సీ కొన్నవారి పేరుకు మారేదాకా వెంటబడండి. బదిలీ కాకముందు ప్రమాదం జరిగితే రిజిస్టర్‌లో పేరున్న యజమానే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ప్రశ్న: నా సొంత కారును పెళ్లిళ్ల సీజన్‌లో తెలిసినవారికి కిరాయికి ఇస్తే ఖర్చులు పోను ఏడాదికి 25, 30 వేలు మిగులుతున్నాయి. బీమా, సర్వీసు ఖర్చులకు అవి సరిపోతున్నాయి. ఇందులో ఇబ్బంది ఏమైనా ఉందా?
— ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఉంది, చాలా పెద్దదే ఉంది. తెల్ల నంబరు ప్లేటు కారు సొంత వాడకానికి మాత్రమే. మీ పాలసీ పత్రంలో వాడకంపై పరిమితులు అన్న చోట, కిరాయికి ఇస్తే రక్షణ వర్తించదని రాసి ఉంటుంది, తీసి చదవండి. పెళ్లి బృందంతో వెళుతుండగా ప్రమాదం జరిగితే మీ కారుకు అయిన నష్టానికి పైసా రాదు. గాయపడినవారికి బీమా కంపెనీ పరిహారం చెల్లించాల్సి వచ్చినా, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు ఆదేశించడం మామూలే. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పినందుకు పడే 10 వేల రూపాయల జరిమానా దీని ముందు చిన్న విషయం. సిద్ధాంతం వంతెన దాటి తెల్లవారుజామున ముహూర్తానికి వేగంగా వెళ్లే ప్రయాణాలు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ పేర్చిన రాళ్లు చీకట్లో కనిపించని దారులు మీకు కొత్త కాదు. ఆ 30 వేల కోసం ఇల్లూ కొబ్బరి తోటా పణంగా పెట్టవద్దు. కిరాయికే తిప్పాలని ఉంటే టాక్సీగా మార్పించుకుని, పర్మిట్, ఫిట్‌నెస్, వాణిజ్య బీమా తీసుకోవాలి. ఆ ఖర్చులన్నీ లెక్కించాక కొన్ని పెళ్లిళ్ల కిరాయి చాలదు, ఏడాది పొడవునా బండి రోడ్డు మీద ఉండాల్సిందే. మీరు అందుకు సిద్ధంగా లేకపోతే, ఇప్పటికే ఒప్పుకున్న పెళ్లివారికి టాక్సీ ప్లేటు ఉన్న బండిని మాట్లాడి పెట్టి ఈ పని నుంచి తప్పుకోండి.